బాబు ఊపిరి ఆపేస్తున్నాడు, ఇంటికెలా తీసుకెళ్ళాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబు 30 వారాలకే పుట్టాడు. పుట్టినప్పుడు బరువు 1,350 గ్రాములు. అయిదు వారాలుగా ఎన్‌ఐసీయూలోనే, అంటే పసిపిల్లల ఐసీయూలోనే ఉన్నాం. మొదట్లో ముక్కుకి సీప్యాప్ అనే గాలి మిషన్ పెట్టారు, తర్వాత తీసేశారు. ఉన్నట్టుండి ఊపిరి తీసుకోవడం ఆపేసేవాడు, మిషన్ మోగేది, సిస్టర్ వచ్చి అరికాలు మీద తడితే మళ్ళీ తీసుకునేవాడు. కెఫీన్ అనే మందు ఇచ్చి, పోయిన వారం ఆపేశారు. ఆపాక అయిదు రోజులు ఏమీ లేదు, ఇంకో రెండు రోజుల్లో పంపిస్తామన్నారు. ఇంతలో మొన్న రాత్రి మళ్ళీ ఒకసారి ఆపాడు. ఊపిరి ఆగకుండా ఏడు రోజులు గడిస్తేనే పంపుతారట, ఇప్పుడు ఆ లెక్క మళ్ళీ మొదటి నుంచి అంటున్నారు, రక్త పరీక్షలు కూడా మళ్ళీ చేశారు. ఇదంతా బిల్లు కోసమే అని మా ఆయన అనుమానం. అత్తయ్య గారేమో దిష్టి అంటున్నారు. నాకు ఇంటికి వెళ్ళిపోవాలనీ ఉంది, వెళ్తే రాత్రిళ్ళు ఎవరు కనిపెట్టుకుని ఉంటారనే భయమూ ఉంది. ఊపిరి ఆగిన ప్రతిసారీ మెదడు దెబ్బతింటుందా? కాలికి తొడిగే మానిటర్ ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, కొనమంటారా? బారసాల కూడా ఇంకా చెయ్యలేదు. (ఒక తల్లి, పశ్చిమ గోదావరి జిల్లా)

సమాధానం: అమ్మా, ముందు మీ ఆయన అనుమానం సంగతి తేల్చేద్దాం. అది మనసులో పెట్టుకుని చదివితే మిగతాదేదీ బుర్రకెక్కదు.

లెక్క మళ్ళీ మొదటి నుంచి పెట్టడం బిల్లు కోసం కాదు. రూపాయి కట్టక్కర్లేని ప్రభుత్వ ఆస్పత్రిలోనూ ఇలాంటి లెక్కే ఉంటుంది, ఒకచోట అయిదు రోజులంటారు, ఒకచోట ఏడంటారు, మరీ నెలలు తక్కువలో పుట్టిన పిల్లలకైతే ఇంకాస్త ఎక్కువ చూస్తారు. ఎందుకంటే మనం కాఫీ తాగితే అందులోని కెఫీన్ కొన్ని గంటల్లోనే ఒంట్లోంచి సగం పోతుంది, కానీ నెలలు నిండని బిడ్డ కాలేయానికి దాన్ని తీసేసే శక్తి ఇంకా రాలేదు కాబట్టి వీళ్ళలో సగం పోవడానికే సుమారు 100 గంటలు, అంటే నాలుగు రోజుల పైన పడుతుంది. మందు ఆపిన అయిదో రోజున కూడా మీ బాబు రక్తంలో సగానికి కొంచెం తక్కువగా ఆ మందు ఉండే ఉంటుంది. కాబట్టి ఆ అయిదు రోజులు బాగున్నాడంటే అందులో వాడి గొప్ప ఎంతో మందు గొప్ప ఎంతో ఎవరూ చెప్పలేరు. మొన్న రాత్రి, మందు పలచబడ్డాక, వాడి అసలు పరిస్థితి బయటపడింది. ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నప్పుడు కాకుండా మిషన్ పక్కన బయటపడింది, అదే నయం.

రక్త పరీక్షల సంగతి కూడా అంతే. కుదుటపడ్డాడు అనుకున్న బిడ్డ మళ్ళీ ఊపిరి ఆపితే, ఇది పాత సమస్యేలే అని సరిపెట్టుకునే డాక్టరంటేనే నాకు భయం. పసిబిడ్డల్లో ఒంట్లో ఇన్‌ఫెక్షన్ చేరితే చాలాసార్లు జ్వరం కంటే ముందు కనిపించేది ఇదే. చక్కెర పడిపోయినా, రక్తం తక్కువైనా, ఒళ్ళు చల్లబడినా, ఫిట్స్ వచ్చినా ఊపిరి ఆగొచ్చు. అవేవీ కావని తేల్చుకున్నాకే, ఇది నెలలు నిండకపోవడం వల్ల వచ్చిందే అని ఊరుకోవాలి.

అయినా మీ ఆయనకి అనుమానం తీరకపోతే, గొడవ పడకుండా ఒక పని చెయ్యమనండి. బిడ్డ మంచం దగ్గర నర్సులు రాసే చార్టు ఉంటుంది, మొన్న రాత్రి ఎన్ని గంటలకు జరిగింది, ఎన్ని సెకన్లు ఆగింది, గుండె ఎంతకు పడింది, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఎంతకు పడింది, రంగు మారిందా, వాడే సర్దుకున్నాడా లేక తట్టాల్సి వచ్చిందా, ఆ టైములో పాలు పడుతున్నారా అన్నవి అందులో ఉంటాయి. అది చూపించి వివరించమని అడగండి, అడగడం మీ హక్కు. పాలు తాగేటప్పుడు గుటక తడబడి గుండె కాస్త నెమ్మదించి వెంటనే వాడే సర్దుకుని ఉంటే చాలామంది డాక్టర్లు దాన్ని నిద్రలో ఆగినదానితో సమానంగా చూడరు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ ఒక వరసలో కుదరడం 34 వారాల దగ్గర (గర్భంలో ఉన్న వారాలు, పుట్టాక గడిచిన వారాలు కలిపి లెక్క) మొదలవుతుంది, అప్పటికప్పుడే గట్టిపడిపోదు. ఇంకో మాట, ఈ మధ్యే కంటి పరీక్ష ఏమైనా చేశారా అని కూడా అడగండి, కంటి లోపలి పొర రెటీనా చూసే ఆ పరీక్ష అయ్యాక కొందరు పిల్లలు ఒకటి రెండు రోజులు ఇలా చేస్తారు. (ఆ పరీక్ష ఇంతవరకు అసలు చెయ్యకపోతే మాత్రం ఇవాళే అడగండి. 34 వారాల లోపు పుట్టిన బిడ్డకి నెల తిరిగేలోగా ఒకసారైనా జరగాలి, మీ వాడికి నెల దాటింది.)

డబ్బు నిజంగానే మోయలేనంత అయితే అనుమానంతో ముడిపెట్టకుండా ఆ మాటే నేరుగా డాక్టర్‌తో చెప్పండి. మీ కార్డుకి ఎన్టీఆర్ వైద్య సేవ, అదే మనం అలవాటుగా ఆరోగ్యశ్రీ అనేది, అక్కడ వర్తిస్తుందేమో కనుక్కోండి. జిల్లా ఆస్పత్రుల్లో ఎస్‌ఎన్‌సీయూ అని నవజాత శిశువుల యూనిట్లున్నాయి, బయట పుట్టిన పిల్లల్ని కూడా చేర్చుకుంటారు. ఏడాది లోపు పిల్లలకు ప్రభుత్వ ఆస్పత్రిలో వైద్యం ఉచితం, 2011లో మొదలైన జననీ శిశు సురక్ష పథకం కింద. మీ అంతట మీరు బిడ్డను తీసుకుని బయల్దేరకండి, ఆస్పత్రి నుంచి ఆస్పత్రికి మాట్లాడుకుని, ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులో మార్పించండి.

ఇక అసలు ఎందుకు ఆపుతున్నాడు? మనం ఊపిరి తీసుకోవాలని గుర్తుపెట్టుకుని తీసుకోం, మెదడు కింది భాగంలో ఒక కేంద్రం ఆ పని చూసుకుంటుంది. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరగ్గానే అది మేలుకుని ఊపిరి తీయిస్తుంది. 30 వారాల బిడ్డలో ఆ కేంద్రం ఇంకా మందకొడిగా ఉంటుంది. మనకు ఆక్సిజన్ తగ్గితే ఊపిరి వేగం పెరిగి అలాగే నిలుస్తుంది, వీళ్ళకు కాసేపు పెరిగి తర్వాత ఇంకా నెమ్మదిస్తుంది, పూర్తిగా తిరగబడిన లెక్క. కడుపులో ఉన్నప్పుడు కూడా బిడ్డ ఛాతీ ఊపిరి తీస్తున్నట్టే కదులుతుంది కానీ తెరిపి తెరిపిగా, మధ్యలో ఆగుతూ. అక్కడ ఆక్సిజన్ మాయ నుంచి వస్తుంది కాబట్టి ఆగినా నష్టం లేదు. మీ వాడు ఇంకా ఆ పాత అలవాటులోనే ఉన్నాడు. దానికి తోడు మెడ దగ్గర గాలి గొట్టం మెత్తగా ఉంటుంది, గడ్డం ఛాతీకి ఆనితే చాలు మూసుకుపోతుంది. ఎక్కువసార్లు ఈ రెండూ కలిసే జరుగుతాయి. 28 వారాల లోపు పుట్టిన వాళ్ళలో దాదాపు అందరికీ ఇది ఉంటుంది, మీ వాడిలా 30 వారాల దగ్గర పుట్టిన వాళ్ళలో సుమారు సగం మందికి ఉంటుంది, 34, 35 వారాలకు పుట్టిన వాళ్ళలో నూటికి పది మందికి కూడా ఉండదు. దీంట్లో మీ తప్పు, మీరు తిన్నది, మీరు మోసిన బిందె, గ్రహణం, ఏదీ లేదు.

దిష్టి అంటారా, అత్తయ్య గారిని తీయనివ్వండి. ఉప్పు, ఎండుమిరపకాయలు వాడి మీద తిప్పి వీధిలో పడేస్తే నాకేం అభ్యంతరం లేదు. వాటిని కాల్చిన ఘాటు మాత్రం బిడ్డ ఉన్న గదిలోకి రాకూడదు. నీళ్ళు పోశాక వేసే సాంబ్రాణి పొగ కూడా వీడికి వద్దు.

ఆగినప్పుడు చేసే వైద్యం బయటి నుంచి చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. అరికాలు మీద వేలితో చిన్నగా కొట్టడం, వీపు నిమరడం, భుజాల కింద చిన్న గుడ్డ చుట్ట పెట్టి మెడ ముందుకూ వెనక్కూ వంగకుండా సరిచెయ్యడం, ఒళ్ళు వెచ్చగా ఉంచడం. దాంతో సరికాకపోతే సీప్యాప్, అది ముక్కులోంచి గాలి ఒత్తిడి ఇచ్చి ఆ మెత్తటి గొట్టాన్ని తెరిచి ఉంచుతుంది. ఆ పైన వెంటిలేటర్, అక్కడిదాకా మీకు రాలేదు.

కెఫీన్ గురించి మీరు అడగలేదు కానీ నేనే చెప్తాను, ఎందుకంటే వార్డులో తల్లులు గుసగుసగా మాట్లాడుకునేది దాని గురించే, పసివాడికి కాఫీ అలవాటు చేస్తున్నారట అని. అలవాటు కాదు. ఆ మెదడు కేంద్రాన్ని తట్టి లేపే మందు అది, ముందు కిలో బరువుకి 20 మిల్లీగ్రాములు ఒకసారి ఇచ్చి తర్వాత రోజుకోసారి కొద్దికొద్దిగా ఇస్తారు. ఒకప్పుడు అమినోఫిలిన్ ఇచ్చేవాళ్ళం, దాంతో గుండె దడ ఎక్కువ, మోతాదు కాస్త తేడా వచ్చినా ఇబ్బందే. 500 నుంచి 1,250 గ్రాముల మధ్య పుట్టిన రెండు వేల మంది పిల్లల మీద చాలా దేశాల్లో కలిపి కెఫీన్‌ను పరీక్షించారు, 2006, 2007లో ఫలితాలు వచ్చాయి. మందు తీసుకున్న పిల్లల్లో ఊపిరితిత్తుల దీర్ఘకాలిక సమస్య తగ్గింది, ఏడాదిన్నర వయసుకు ప్రాణనష్టం, తీవ్రమైన ఎదుగుదల లోపాలు కలిపి చూసినా తక్కువే ఉన్నాయి. నవజాత శిశువుల వైద్యంలో ఇంత నమ్మకంగా ఇవ్వగలిగే మందులు నిజానికి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. సాధారణంగా 33, 34 వారాల వయసు వచ్చి కొన్నాళ్ళు ఏమీ లేకపోతే ఆపుతారు, కొందరికి మళ్ళీ మొదలుపెట్టాల్సి వస్తుంది, మీ వాడికి మొదలుపెట్టినా బెంగపడకండి. అంతేగానీ ఇంటికెళ్ళాక మనమే రెండు చుక్కలు డికాషన్ పడదాం అనే ఆలోచన మాత్రం ఎవరికీ రానివ్వకండి. నవ్వులాటకు అనడం లేదు, నన్ను అడిగిన వాళ్ళున్నారు.

మెదడు గురించి మీరు రాసిన వాక్యం రెండుసార్లు చదివాను, అసలు భయం అక్కడే ఉందని అర్థమైంది. పది పదిహేను సెకన్లలో తడితే సర్దుకునే ఇలాంటి ఘటనలు అప్పుడప్పుడు రావడం వల్ల మెదడు దెబ్బతింటుందని చెప్పే ఆధారం లేదు. మేము కంగారు పడేది వేరే పిల్లల గురించి. 28 వారాల లోపు పుట్టి, ఆక్సిజన్ ఒక నిమిషం పైగా పడిపోయి ఉండే ఘటనలు వారాల తరబడి మళ్ళీ మళ్ళీ వచ్చిన పిల్లల్లో తర్వాత ఎదుగుదల ఇబ్బందులు ఎక్కువగా కనిపించాయి. మీరు రాసినదాన్ని బట్టి మీ వాడు ఆ కోవలోకి రాడు. అయినా నెలలు తక్కువగా పుట్టాడు కాబట్టి వినికిడి పరీక్ష, మెదడు స్కానింగ్, తర్వాత ఎదుగుదల చూసే క్లినిక్‌కి వెళ్ళడం తప్పదు, అవి ఊపిరి ఆగినా ఆగకపోయినా ఉండేవే.

ఇప్పుడు మీ చేతిలో ఉన్న ఏడు రోజుల్ని ఊరికే పోనివ్వకండి. రోజుకు ఎన్ని గంటలు వీలైతే అన్ని గంటలు వాణ్ణి ఛాతీకి చర్మం ఆనేలా కట్టుకోండి, మీరు అలసిపోతే మీ ఆయన కట్టుకోవచ్చు, తండ్రి ఛాతీ కూడా వెచ్చగానే ఉంటుంది. తల ఒక పక్కకి తిప్పి ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనకుండా కాస్త పైకి ఉండాలి, ముక్కు, నోరు మీకు కనబడుతూ ఉండాలి. దీన్ని కంగారూ పద్ధతి అంటారు, 1970ల చివర్లో కొలంబియాలోని బొగొటాలో ఇంక్యుబేటర్లు చాలక మొదలుపెట్టారు, ఇప్పుడు ఇంక్యుబేటర్లు ఉన్నచోట కూడా చెయ్యమంటున్నారు. బిడ్డ ఒళ్ళు చల్లబడదు, ఇన్‌ఫెక్షన్లు తగ్గుతాయి, పాలు పెరుగుతాయి, అన్నిటికంటే ముఖ్యం వాడి ఊపిరి తీరు మీకు తెలిసిపోతుంది.

ఆ తీరు తెలియకపోతే ఇంటికెళ్ళిన మొదటి రాత్రే హడలిపోతారు. అక్కడే ఉండగా ఒక పని చెయ్యండి. పాలు తాగి నిద్రపోయాక చొక్కా పైకి తీసి పొట్ట మీద చూపు పెట్టండి, పసిపిల్లలు పొట్టతోనే ఊపిరి తీస్తారు. గబగబా పది పదిహేను సార్లు తీసి, ఠక్కున ఆపి, మీరు మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ ఆరో ఏడో అనేలోగా మళ్ళీ గబగబా మొదలుపెడతాడు. మానిటర్ వైపు చూడండి, గుండె అలాగే ఉంటుంది, పెదాలు గులాబీ రంగులోనే ఉంటాయి. ఇది మామూలు. నెలలు నిండిన పిల్లలు కూడా కొన్నాళ్ళు ఇలా చేస్తారు, దీనికి మందు లేదు, తట్టి లేపక్కర్లేదు. 20 సెకన్లు ఆగితే, లేదా అంతకంటే తక్కువే అయినా గుండె కొట్టుకోవడం నిమిషానికి వందలోపు పడితే, రంగు మారితే, ఒళ్ళు మెత్తబడిపోతే అది వేరు, దాన్నే మేము ఆప్నియా అంటాం. చేతులు, పాదాలు నీలంగా ఉండటాన్ని పట్టించుకోకండి, చలికి అలా అవుతాయి, నాలుక, పెదాలు నీలమైతే పట్టించుకోవాలి. మిషన్ మోతలో కూడా సగం వైరు ఊడినందుకో వాడు కాళ్ళు ఆడించినందుకో వచ్చేవే ఉంటాయి, సిస్టర్ లోపలికి రాగానే మిషన్ వైపు కాకుండా ముందు బిడ్డ మొహం చూస్తుంది గమనించండి, మీరూ అదే నేర్చుకోండి.

కాలి మానిటర్ కొనొద్దు. ఇలాంటివి ఇంట్లో పెట్టుకోవడం వల్ల నిద్రలో జరిగే శిశు మరణాలు తగ్గుతాయని ఎక్కడా రుజువు కాలేదు, అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా అందుకోసం వాడొద్దనే చెప్తుంది. జరిగేదేమిటంటే రాత్రికి మూడుసార్లు ఉత్తినే మోగి మీ నిద్ర, మీ పాలు రెండూ పోతాయి, నాలుగో రాత్రి దాన్ని తీసి మూల పడేస్తారు. బిడ్డకి నిజంగా మానిటర్ అవసరం అనుకుంటే డాక్టర్లు ఇంటికి పంపనే పంపరు. ఆ డబ్బుతో మంచి డిజిటల్ థర్మామీటర్, గట్టి పరుపు కొనండి.

పరుపు అన్నాను కాబట్టి పడుకోబెట్టడం గురించి గట్టిగా చెప్తున్నా. ఎన్‌ఐసీయూలో వాణ్ణి బోర్లా పడుకోబెట్టడం మీరు చూసే ఉంటారు, అక్కడ మానిటర్ ఉంది కాబట్టి అది చెల్లింది, ఇంట్లో ఎప్పుడూ వెల్లకిలానే. మీ మంచానికి ఆనుకుని వాడికి వేరే చోటు ఉంటే మంచిది. తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతారు, వద్దు, ఏ దిండూ వద్దు. చీర ఉయ్యాల అసలే వద్దు కొన్ని నెలలు, అందులో బిడ్డ విల్లులా వంగి గడ్డం ఛాతీకి ఆనుతుంది, ఇందాక చెప్పిన గొట్టం మూసుకుపోవడానికి అంతకంటే అనువైన చోటు లేదు. ముక్కులో నూనె చుక్కలు వేసి ఊదడం, గొంతులో వేలు పెట్టి కళ్ళె తీయడం, వస అరగదీసి నాకించడం ఇవన్నీ మానిపించండి. ఇంట్లో ఎవరికైనా సిగరెట్టో చుట్టో అలవాటుంటే వీధి అరుగు మీద కాదు, వీధి చివర తాగమనండి.

డిశ్చార్జ్‌కి ముందు ఒకటి రెండు రాత్రులు బిడ్డను మీ పక్కనే ఉంచుకునే వీలుందేమో అడగండి, ఊపిరి ఆగితే ఏం చెయ్యాలో బొమ్మ మీద మీ ఇద్దరితోనూ, అత్తయ్య గారితో కూడా చేయించమని అడగండి. ఛాతీ నొక్కడం చదివితే వచ్చేది కాదు, చేతికి రావాలి. ఇంట్లో జరిగితే మొదట అరికాలు తట్టండి, వీపు రుద్దండి, మెడ సరిచెయ్యండి, ఎంత భయమేసినా ఊపకండి, కుదపకండి. అలా తట్టగానే ఏడ్చి మామూలైపోయినా సరే అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, ఎందుకంటే డిశ్చార్జ్ అయ్యాక మళ్ళీ రావడం మామూలు కాదు. కదలకపోతే ఒకరు నేర్చుకున్నట్టు నోటి ఊపిరి మొదలుపెట్టాలి, ఇంకొకరు 108కి ఫోన్ చెయ్యాలి. ఊపిరి ఆగకపోయినా పాలు తాగడం మానేసినా, నిద్రలోంచి లేవకపోయినా, ఒళ్ళు చల్లబడినా కాలినా, నిమిషానికి 60కి మించి ఊపిరి తీస్తున్నా, పక్కటెముకల కింద గుంటలు పడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు.

చాలామందిలో ఇది 36, 37 వారాలకు తగ్గిపోతుంది, మరీ ముందు పుట్టిన వాళ్ళకు 43, 44 వారాల దాకా లాగొచ్చు. ఇవాళ్టికి మీ వాడికి 35 వారాలు. టీకాలు వాడు పుట్టిన తేదీ లెక్కనే వేయించాలి, నెలలు తక్కువని వాయిదా వెయ్యొద్దు. ఇంకొకటి ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నా, నెలలు తక్కువ మగపిల్లల్లో గజ్జల్లో హెర్నియా ఎక్కువ, తర్వాత ఎప్పుడైనా దానికి ఆపరేషన్ అవసరమైతే 30 వారాలకు పుట్టాడని, ఊపిరి ఆగేదని మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పండి, వీళ్ళకు మత్తు తర్వాత కొన్ని నెలల వయసు వరకు మళ్ళీ ఆగొచ్చు, అందుకని ఆ రాత్రి ఆస్పత్రిలోనే ఉంచుకుంటారు.

బారసాల 21వ రోజు ఎలాగూ దాటిపోయింది, ఇంకో రెండు నెలలు ఆగితే మునిగిపోయేదేం లేదు. పెద్దవాళ్ళకు మామూలు జలుబు తెచ్చే వైరస్సే ఇంత చిన్న పిల్లల్లో ముక్కు కారకముందే ఊపిరి ఆపేస్తుంది, కాబట్టి జలుబు, దగ్గు ఉన్నవాళ్ళు గడప దాటి లోపలికి రాకూడదు, ముద్దులు అసలే వద్దు. ఆ మాట మీ ఆడపడుచుకో పెద్దత్తకో చెప్పలేకపోతే డాక్టర్ గట్టిగా చెప్పాడని నా మీదకి తోసెయ్యండి.